అర శాతం

జనవరి. డెట్రాయిట్. తెల్లవారుజాము నాలుగు.
టెస్టు గదిలో ఇంజను
బోల్టులతో బిగించిన చోటే నిలబడి
రాత్రికి రాత్రి ఆరు వందల మైళ్ళు పోయింది.

గాజు తలుపుకి ఇవతల ఓడెల్ ప్రూయిట్.
చల్లారిన కాఫీలో వేలు ముంచి
బొటనవేలితో రుద్ది చూస్తాడు,
అదీ నూనే అయినట్టు.
"జిగట తగ్గింది" అంటాడు. నవ్వడు.
నా చేతిలో కాగితం పెడతాడు:
అర శాతం.

నా పని తూకం.
బండిలోకి ఎక్కే ప్రతి మరనీ, తీగనీ, గుడ్డపీలికనీ
త్రాసులో పెట్టి రాసుకుంటాను.
ఓడెల్ మిగిల్చింది ఎడమ పేజీలో.
పై అంతస్తువాళ్ళు ఖర్చు పెట్టింది కుడి పేజీలో.

పిస్టను రింగు ఒక వెంట్రుకంత సన్నబడింది. ఎడమ.
సీటు కింద వెచ్చదనం, తలుపులో మూడో స్పీకరు,
కప్పులు పెట్టుకునే గుంటలు పద్నాలుగు,
ఎక్కేది మాత్రం ఒక్కడే. కుడి, కుడి, కుడి.

వాల్వుకి ఎప్పుడు రెప్ప వెయ్యాలో నేర్పడానికి
ఓడెల్‌కి నాలుగేళ్ళు పట్టింది.
ఆ నాలుగేళ్ళనీ ఒక మంగళవారం మీటింగులో
డోనట్లు కొరుకుతూ
ఇంకో నలభై గుర్రాలకి మార్చుకున్నారు.

గుర్రాలంటే గుర్రాలే.
మా వీధిలో పాల డబ్బా తేవాలంటే
మూడు వందల గుర్రాలు బయల్దేరతాయి.
ఎర్రదీపం దగ్గర కాలు కదపకుండా
మేస్తూనే ఉంటాయి.

మంగలి షాపులో ఎవరో అడిగారు,
చంద్రుడి మీదికి పోయినవాళ్ళం,
మైలేజీ దగ్గర ఎందుకు చతికిలబడ్డామని.
మెడ మీద కత్తెర ఆడుతుండగానే
ఓడెల్ అద్దంలోకి చెప్పాడు:
"ఇంజను బాగుపడింది నాయనా.
నేను చెంచాతో పోస్తూనే ఉన్నాను.
ఎవరో గిన్నె మారుస్తున్నారు."

పెట్రోలు బంకు బోర్డు మీద అంకె దిగినప్పుడల్లా
షోరూముల్లో బళ్ళు ఒళ్ళు చేసేవి.
అంకె ఎక్కినప్పుడు ఒక్క వేసవి ఉపవాసం,
ఆకులు రాలేసరికి మళ్ళీ మామూలే.
చట్టం ఉంది, లేకేం.
కారుకి ఒక కొలత, ట్రక్కుకి ఇంకో కొలత.
నేలకి రెండంగుళాలు పైకి లేపితే చాలు,
కాగితంలో కారు ట్రక్కయి కూర్చుంటుంది,
బడికి పిల్లల్ని దింపుతూనే.

ఇదంతా నేను కోపంగా చెప్పేదాన్ని.
ఫిబ్రవరి దాకా.

ఎనిమిదో మైలు రోడ్డు మీద, ఉప్పు చల్లిన మంచులో
ఓడెల్ కూతురు కెండ్రా చిన్న కారుని
ఎత్తైన బండొకటి పక్కనుంచి గుద్దింది.
తుంటి ఎముక. పదకొండు వారాలు మంచం.
అవతలి బండికి బంపరు మీద ఒక గీత.

మంచు కరిగాక ఓడెల్ కూతురికి బండి కొన్నాడు.
నేను తూచినదే.
ఐదు వేల ఏడు వందల పౌన్లు.
తాళంచెవులు గుప్పిట్లో మూసుకుని
నా ముఖం చూడకుండా
"రాసుకో" అన్నాడు,
"కుడి పేజీలోనే రాసుకో."

రాయలేదు. ఏ గడిలో రాయాలో తెలియలేదు.

మొన్న కెండ్రా పక్క సీట్లో కూర్చుని వస్తున్నాను.
ఎర్రదీపం దగ్గర మా కిందుగా
నీలంరంగు చిన్న కారొకటి ఆగింది.
స్టీరింగు దగ్గర కుర్రాడు
తల వెనక్కి వాల్చి మా వైపు చూశాడు,
మేడ మీదికి చూసినట్టు.
వాడికీ ఒక తండ్రి ఉండే ఉంటాడు.
ఈపాటికి షోరూముల చుట్టూ తిరుగుతూ ఉంటాడు.

ఆ రాత్రి కూడా ఓడెల్ వచ్చాడు.
నాలుగింటికి గాజు మీద రెండు సార్లు తట్టి
కాగితం అద్దానికి ఆనించి పట్టుకున్నాడు.
పావు శాతం.

నేను ఎడమ పేజీ తీశాను.